పూర్ణహృదయంతో దేవుణ్ణి సేవించాలంటే ఉద్యోగం వదిలేయాలా?

వందనాలు బ్రదర్. మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఉదయం లేవగానే ఫోన్ తీస్తే యుద్ధాలు, హత్యలు, మోసాలు. అవన్నీ చూశాక మోకరిస్తే నోట మాట రావడం లేదు. ఆఫీసులో చూస్తే, పూర్తికాని పనిని పూర్తయినట్టు చూపించే నెలాఖరు రిపోర్టు మీద మీరు సంతకం పెట్టాలి. ఆదివారం ఆరాధనలో కన్నీళ్లు పెట్టుకునే మనిషి, సోమవారం ఆ సంతకం పెట్టే మనిషి ఒకడేనా అని మీకే అనుమానం. రాజీనామా చేసి పూర్తికాల సేవకు వెళ్తే తప్ప పూర్ణహృదయంతో బ్రతకలేనేమో అంటున్నారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఉద్యోగం మానకండి. ఆ సంతకం మానండి. సంతకం మానడం కష్టం కాబట్టే చాలామందికి ఉద్యోగం మానాలనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అచ్చం అలాగే అనిపించింది, ఆ సంగతి కింద చెప్తాను.

నేను పాస్టర్‌ని కాను. బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు. 34 ఏళ్లు అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. సంఘంలో పెద్దగా ఉన్నాను, శనివారం సాయంత్రాలు ఆసుపత్రిలో రోగుల దగ్గరికి వెళ్లొస్తుంటాను. నాకు తెలిసింది ఆ మేరకే.

ముందు "పూర్ణహృదయం" అనే మాట సంగతి చూద్దాం. పూర్ణహృదయంతో దేవుణ్ణి ప్రేమించమనే ద్వితీయోపదేశకాండము 6:5 మనందరికీ నోటికి వచ్చిందే. కానీ హృదయం అనగానే మన బుర్ర పొంగిపొర్లే ప్రేమ మీదికి పోతుంది. హెబ్రీలో అక్కడున్న "లేబాబ్" (పొట్టిగా "లేబ్") అనే మాటకు అంత ఇరుకైన అర్థం లేదు. మనిషి ఆలోచించేదీ, ఒక నిర్ణయానికి వచ్చేదీ కూడా ఆ లేబ్‌లోనే. అంటే మీరు లోపల ఏం తీర్మానించుకున్నారు అన్నది కూడా హృదయం లెక్కలోకే వస్తుంది. ఆదివారం పాటల్లో ఎంత కరిగిపోయాం అన్నదాన్ని బట్టి మన భక్తిని కొలుచుకోవడం మొదలుపెడితే, కరగని వారమంతా వెనకబడిపోయామని కుమిలిపోవాల్సి వస్తుంది. మీ ప్రశ్నలో ఆ కుమిలిపోవడం నాకు కొంత కనిపించింది.

కీర్తన 86:11లో దావీదు ప్రార్థన ఒకటి ఉంది: "నా హృదయమునకు ఏకదృష్టి కలుగజేయుము." మన తెలుగు బైబిల్‌లో నాకు బాగా ఇష్టమైన మాటల్లో ఈ "ఏకదృష్టి" ఒకటి. యాకోబు 1:8లో దీనికి ఎదురుమాట దొరుకుతుంది, "ద్విమనస్కుడు". మీ బాధకు సరైన పేరు అది. మీ గుండె చల్లారిపోలేదు బ్రదర్, రెండుగా చీలి ఉంది. చల్లారినవాడికి ఈ ప్రశ్న అడగాలని కూడా తోచదు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. లూకా 3వ అధ్యాయంలో సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి "మేమేం చేయాలి" అని అడుగుతారు. ఆ రోజుల్లో సుంకం వసూలు అంటే ఎంత అవినీతి పనో మీకు తెలుసు. "సుంకపు మెట్టు వదిలేసి నాతో అరణ్యానికి రండి" అంటాడనుకుంటాం. అనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దు అన్నాడు, అంతే. సైనికులకూ అలాగే చెప్పాడు: ఎవరినీ బాధపెట్టొద్దు, ఎవరి మీదా అపనింద వేయొద్దు, మీ జీతంతో తృప్తిపడండి. మిడతలు తిని, ఒంటె రోమాల బట్ట కట్టుకుని బ్రతికిన మనిషి, వాళ్లని మాత్రం మీ సీట్లలోనే కూర్చోండి అన్నాడు. అయితే చేతులు శుభ్రంగా పెట్టుకోమన్నాడు.

చరిత్రలో కూడా మీ ప్రశ్న అడిగినవాడు ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండ్ పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్. 1785లో మారుమనస్సు పొందాక ఆయనకు రాజకీయాలంటే రోత పుట్టింది. వదిలేసి సేవలోకి వెళ్లిపోదామా అని మథనపడి, ఎవరికంటా పడకుండా జాన్ న్యూటన్ అనే పాదిరి దగ్గరికి వెళ్లాడు. ఈ న్యూటన్ ఒకప్పుడు బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్. ఆయన పార్లమెంటులోనే ఉండమని సలహా ఇచ్చాడు. విల్బర్‌ఫోర్స్ ఉన్నాడు, 1825లో ఒంట్లో బాగాలేక తప్పుకునేదాకా. బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చేసరికి 1807 అయింది. బానిసత్వాన్నే రద్దు చేసే బిల్లు 1833 జూలైలో దిగువ సభ దాటిందన్న కబురు విని, మూడు రోజులకు కన్నుమూశాడు. మారుమనస్సు నుంచి లెక్కేస్తే 48 ఏళ్లు. మధ్యలో ఎన్నిసార్లు ఓడిపోయాడో, ఒంట్లో ఎంత బాగాలేక పోయిందో చదివితే, ఆయన ఎప్పుడో ముందే రాజీనామా లేఖ రాసుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదనిపిస్తుంది. (ఒక ముక్క మర్చిపోకూడదు: సలహా ఇచ్చిన న్యూటన్ మాత్రం తన పని వదిలేసి సేవలోకి వచ్చినవాడే. కాబట్టి పిలుపు అందరికీ ఒకే అచ్చులో రాదు.)

ఇక నా కథ. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. సంవత్సరాంతపు లెక్కలు మూసే రోజులు. రాని సరుకు వచ్చినట్టు రసీదు మీద సంతకం చేయమని నా పై అధికారి అడిగారు. "వచ్చే వారం వచ్చేస్తుందయ్యా, తేదీ ఒక్కటే తేడా" అన్నారు. చేశాను. స్టాంపు కొట్టేటప్పుడు ఇంకు సరిగ్గా అంటలేదు, ప్యాడ్ మీద గట్టిగా అద్ది రెండోసారి కొట్టాను. ఆ రెండోసారి కొట్టడం ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే మొదటిసారి అంటనప్పుడు ఆపేయడానికి నాకు క్షణం దొరికింది. ఆ సరుకు వచ్చే వారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. దాని గురించి నన్నెవరూ అడగలేదు. పట్టుబడి ఉంటే బాగుండేదేమో. ఎవరూ అడగకపోయేసరికి దాదాపు రెండు నెలలు కుటుంబ ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడల్లా పాట పాడి తప్పించుకున్నాను. సరిగ్గా అప్పుడే నాకు "పూర్తికాల సేవ" ఆలోచన వచ్చింది! మా పాస్టర్ గారి దగ్గరికెళ్లి చెప్తే, ఆయన విని ఒకే మాట అన్నారు: "అక్కడ చేసిన తప్పు ఒప్పుకోకుండా ఇక్కడికొస్తే, దాన్ని కూడా వెంట తెచ్చుకుంటావు."

తర్వాత అధికారి దగ్గరికి వెళ్లి, ఆ రసీదు మీద నా సంతకం తప్పు, దాన్ని సరిచేస్తూ నోట్ పెడతాను అని చెప్పాను. పెట్టాను. మన సాక్ష్యాల్లో ఇలాంటి చోట సాధారణంగా డబుల్ ప్రమోషన్ వస్తుంది. నాకు రాలేదు. ఎవరికీ ఇష్టంలేని పాత రికార్డుల గదిలో ఏడాదిన్నర కూర్చోబెట్టారు. దుమ్ముకు దగ్గు పట్టుకుంది. కానీ ఇంట్లో ప్రార్థన నా వంతు వచ్చినప్పుడు నోరు పెగిలింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో అలాంటి కాగితాలు ఇంకొన్ని వచ్చాయి, రాకుండా ఎలా ఉంటాయి. కాకపోతే ఒకసారి కాదన్న మనిషి దగ్గరికి జనం మళ్లీ అంత ధైర్యంగా రారు. అది నాకు తెలియని లాభం, ముందెవరూ చెప్పలేదు.

గీత ఎక్కడ గీయాలి అన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. కొత్తగా వేడెక్కిన విశ్వాసి అన్నిటికీ కాదంటాడు. ఆఫీసులో ప్రతి చిన్నదానికీ అడ్డం తిరిగితే, అసలైనది వచ్చినప్పుడు మీ మాటకు విలువ ఉండదు. చెరపట్టి బబులోనుకు తీసుకుపోయిన యూదా కుర్రాడు దానియేలును చూడండి. బబులోను వాళ్లు అతనికి బెల్తెషాజరు అని అన్యదేవత పేరు కలిపిన పేరు పెట్టారు, ఊరుకున్నాడు. కల్దీయుల భాష, విద్య మూడేళ్లు నేర్చుకోమన్నారు, నేర్చుకున్నాడు. రాజు కొలువులో ఉద్యోగం చేశాడు. రాజు పెట్టే భోజనం తినను అని మాత్రం నిలబడ్డాడు. అక్కడ కూడా గొడవ చేయలేదు, పది రోజులు పరీక్షించి చూడమని మర్యాదగా అడిగాడు. ముసలితనంలో సింహాల గుహ వచ్చినప్పుడు అతను కొత్తగా ఏమీ చేయలేదని గమనించారా? "యథాప్రకారముగా" రోజుకు ముమ్మారు ప్రార్థించాడని ఉంటుంది. అలవాటుగా చేసేదే చేశాడు, ఆ రోజు అది నేరమైంది.

నేను నాకోసం పెట్టుకున్న గీత ఇది: నచ్చని పని చేస్తాను, అవమానమైన పనీ చేస్తాను, నాకంటే చిన్నవాడి కింద కూడా చేస్తాను. అబద్ధం కింద నా పేరు రాయను, నా సంతకం వల్ల ఇంకొకరి నోటి దగ్గరిది పోయే పని చేయను. మీ గీత మీరు కాగితం మీద రాసిపెట్టుకోండి. వేడి మీద ఉన్నప్పుడు గీసిన గీత నిలబడదు.

ఉద్యోగం నిజంగానే వదలాల్సిన సందర్భాలు ఉన్నాయి. పనికి పనే మోసం అయినప్పుడు, అంటే అబద్ధం తీసేస్తే ఆ ఉద్యోగంలో ఇక ఏమీ మిగలనప్పుడు, వెతుక్కుని బయటపడాలి. ఇంట్లో వాళ్లతో మాట్లాడకుండా, చేతిలో ఇంకో దారి చూసుకోకుండా ఒక్క రాత్రి ప్రార్థనతో రాజీనామా ఇచ్చి, తర్వాత భార్య నగలు అమ్ముకున్నవాళ్లను చూశాను. దాన్ని విశ్వాసం అనలేను.

ఇప్పుడు లోకం సంగతి, అంటే ఆ ఫోన్ సంగతి. మీకు ఇదే ఎక్కువ టెన్షన్ పెడుతోందనుకుంటా.

యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములు" వచనం, అందరికీ వాగ్దానమే. దాని పై వచనాలు ఎవరూ చదవరు. అది యెరూషలేము నుంచి బబులోను చెరలోకి పోయినవాళ్లకు రాసిన ఉత్తరం. అంతకు ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రకటించాడు. జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లు అన్నాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని రాశాడు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి యెరూషలేము చూడకుండానే పోయి ఉంటారు. అయినా నాటమన్నాడు.

లోకం బాగుపడ్డాక మనస్ఫూర్తిగా బ్రతుకుతాం అంటే ఆ రోజు మన ఆయుష్షులో రాకపోవచ్చు. యేసు ప్రభువు కూడా తన వాళ్లను లోకంలోనుంచి తీసుకొనిపొమ్మని ప్రార్థించడం లేదని తండ్రితో స్పష్టంగా చెప్పాడు, యోహాను 17:15.

అయితే ప్రపంచంలోని ప్రతి బాధా నా భుజం మీదే ఎత్తుకోవాలా? అక్కర్లేదు. 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చి, యూనివర్సిటీ కూడా వేరే ఊరికి తరలిపోయినప్పుడు, సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ అక్కడే ఉండిపోయాడు. క్రైస్తవుడు ప్లేగుకు భయపడి పారిపోవచ్చా అని అడిగినవాళ్లకు ఆయన రాసిన జవాబు నాకు చాలా పనికొచ్చింది. నీ మీద ఆధారపడినవాళ్లు ఉంటే కదలొద్దు. పాదిరి, అధికారి, వైద్యుడు, ఇంట్లో రోగి ఉన్నవాడు తన చోటు వదలకూడదు. ఆ బాధ్యత లేనివాడు వెళ్లిపోతే తప్పు పట్టొద్దు అని దాని సారాంశం. మందు వేసుకుంటాను, పొగ వేయిస్తాను, అవసరం లేని చోటికి పోను, పొరుగువాడికి నా అవసరం ఉంటే మాత్రం వెళ్తాను అన్నాడు. విశ్వాసం అంటే మందు మానేయడం అనుకునేవాళ్లకు ఆ ఉత్తరం చదివి వినిపించాలనిపిస్తుంది.

ఆ లెక్కన నేను చేసే పని చెప్తాను. వాక్యం చదివి ప్రార్థన అయ్యేదాకా ఫోన్ వేరే గదిలో ఉంటుంది. వార్తలు సాయంత్రం ఒక్కసారి. చూసినవాటిలో ఒక్కటే నా నోటుబుక్కులో ఎక్కుతుంది. లెక్కల మనిషిని కదా, గళ్లు కొట్టుకుంటాను: తేదీ, పేరు లేదా చోటు, ఏం అడిగాను, నేను ఏం చేశాను. నాలుగో గడి ఖాళీగా ఉంటే చూడటానికి బాగుండదు. ఆ బాగుండకపోవడమే నన్ను లేపి, ఒక కానుక పంపిస్తుంది, ఒక ఫోన్ చేయిస్తుంది, లేకపోతే ఒక ఇంటికి నడిపిస్తుంది. ఏమీ చేయలేనివి కూడా ఉంటాయి. అక్కడ "మొర" అని రాసుకుంటాను.

మొర పెట్టడం మనం మర్చిపోయాం బ్రదర్. స్తుతి, స్తుతి, స్తుతి, అంతా అదే. కీర్తన 88 ఆఖరి మాట ఏమిటో చూడండి: "చీకటియే నాకు బంధువర్గమాయెను." దాని తర్వాత "అయినను" అని కూడా లేదు, కీర్తన అక్కడే అయిపోతుంది. అది కూడా దేవుని వాక్యమే. మోకరిస్తే మాట రావడం లేదన్నారు కదా, అయితే ఆ కీర్తన పైకి చదవండి, ఆ రోజుకు అదే మీ ప్రార్థన.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు. ఒక శనివారం ఆసుపత్రిలో, ప్రసవంలో భార్య పోయిన కుర్రాడి పక్కన కూర్చుని దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ మేలుకే సమకూడి జరుగుతాయనే రోమా 8:28 చెప్పాను. అతను నావైపు చూడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. బయట వరండాలో వాళ్ల అమ్మ నెమ్మదిగా అంది, "ఆ వచనం వాడికీ వచ్చు అన్నా." ఇంకేమీ అనలేదు. ఇంటికొచ్చి యోబు 2వ అధ్యాయం తీశాను. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు ఏమీ మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు. నోరు తెరిచాకే అంతా చెడింది. అప్పటినుంచి నా సంచిలో బైబిల్‌తో పాటు ఒక ఫోన్ చార్జర్, ఒక ఫ్లాస్కు వేడినీళ్లు ఉంటాయి. చార్జర్ అడగనివాళ్లు ఇంతవరకు తగల్లేదు. వచనం అడిగితే చెప్తాను.

రోజూ ఎంతసేపు ప్రార్థించాలి అని కూడా అడిగారు. గంటలు చెప్పను. 1935లో నాజీల కాలంలో డీట్రిక్ బోన్‌హాఫర్ అనే జర్మన్ పాస్టర్ ఫింకెన్‌వాల్డే అనే ఊళ్లో కొద్దిమంది సేవకులకు శిక్షణ ఇచ్చేవాడు. బయట దేశం తగలబడుతుంటే, ఆయన వాళ్లను రోజూ అరగంట మౌనంగా కూర్చోబెట్టేవాడు, వారమంతా అదే చిన్న వాక్యభాగం మీద. కుర్రాళ్లు మొదట విసుక్కున్నారు. 1937లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆ బడి మూసేసింది. ఆ తర్వాత వాళ్లలో చాలామంది జైళ్లు చూశారు. నేను చేసి చూసి చెప్తున్నాను, వారానికి ఒకే భాగం పెట్టుకోండి, మొదటి మూడు రోజులు విసుగొస్తుంది, గురువారానికి అది మిమ్మల్ని చదవడం మొదలుపెడుతుంది. ఒక్కరే కాకుండా, మీ సంతకం సంగతి సిగ్గుపడకుండా చెప్పుకోగలిగిన ఒక మనిషిని చూసుకోండి. పెద్ద సంఘం అక్కర్లేదు, ఒక్కరు చాలు, నోరు జారనివాళ్లయితే చాలు.

ఒక జాగ్రత్త. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, బ్రతకాలని లేకపోతే, దాన్ని ఆత్మీయ బలహీనత అని మూటగట్టి ఉపవాసాలు పెంచకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. లేపి అన్నం పెట్టి, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి పెట్టాడు.

ఇక ఈ సోమవారం. మీటింగులో నలుగురి ముందు చెప్పకండి, మీ మేనేజర్‌కు దారి లేకుండా పోతుంది. ముందుగానే ఒంటరిగా కలవండి. బైబిల్ ఎత్తకండి, ఆయన్ను పాపి అనకండి. "సార్, పూర్తయిన పని ఇంత, మిగిలింది ఇంత, ఎప్పటికి పూర్తి చేయగలమో ఇదిగో తేదీ. ఇలా అయితే ఇప్పుడే సంతకం పెడతాను" అని, సరైన అంకెలతో రిపోర్టు తయారుచేసి చేతిలో పెట్టుకుని వెళ్లండి. వట్టి చేతులతో కాదంటే మొండితనంలా ఉంటుంది. పాత రిపోర్టుల సంగతి కూడా ఆయనే ఎత్తవచ్చు, "ఇన్నాళ్లు పెట్టావుగా" అంటారు. "పెట్టాను సార్, తప్పు చేశాను" అనండి. దానికి ఎదురు మాట ఎవరి దగ్గరా ఉండదు. కోప్పడితే కోప్పడనివ్వండి. రికార్డు గదికి పంపితే ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

ఆయన ఏమన్నారో తర్వాత వచ్చి రాయండి. నా నోటుబుక్కులో ఈ రోజు తేదీ వేశాను. మీ పేరు తెలియదు కాబట్టి రెండో గడిలో "రిపోర్టు బ్రదర్" అని రాసుకున్నాను.